జెర్రీ డబ్బాలో నీళ్ళు

మా నాయన జర్మన్ల ట్యాంకును ఒంటిచేత్తో పట్టుకున్నాడు. ఆఫ్రికా ఎడారిలో, ఇసుక పేలాల మూకుడులా కాలుతున్న మిట్టమధ్యాహ్నం, ట్యాంకు మీదికెక్కి, పై మూత ఎత్తి, లోపలున్న నలుగురినీ మెడలు పట్టి బయటికి లాగాడు. సాక్ష్యం లేనిదే నేనేదీ చెప్పను. ఫోటో ఉంది.

ఇల్లందు బొగ్గుబాయిలో పనిచేసినన్నాళ్ళూ క్యాంటీన్లో ఈ కథ చెప్పే ఊరికే చాయ్ తాగాను. రిటైరై భద్రాచలం చేరాక హోటల్ మారింది గానీ కథ మారలేదు. మారలేదనడం కూడా అబద్ధమే. నలుగురు కాస్తా ఆరుగురయ్యారు, నాయన చేతికి ఒక తుపాకీ వచ్చి చేరింది.

ఫోటో అరచేయంత ఉంటుంది. అంచులు రంపపు పళ్ళలా కత్తిరించి ఉంటాయి. ఈ చివర నుంచి ఆ చివర దాకా బండే. దాని ముందుభాగం లారీ, మామూలు టైర్లే. వెనుక భాగానికి మాత్రం ట్యాంకుకు ఉన్నట్టు ఇనుప పట్టాలు, చక్రాలు. నేను చూపించేటప్పుడు ముందుభాగం మీద బొటనవేలు పెట్టేవాణ్ణి. వేలు తియ్యమని అడిగినవాడు ఇంతవరకూ లేడు. తలుపు మీద తాటిచెట్టు లాంటి బొమ్మ. జర్మనోళ్ళు కూడా కల్లు తాగేటోళ్ళే అని చెబితే అలవాటున్న వాళ్ళు సంతోషపడేవారు. బండి పక్కన వరసగా కట్టిన ఇనుప డబ్బాలు. మడ్‌గార్డ్ మీద చెయ్యేసి నిలబడ్డది మా నాయన. బండి నీడలో ఒక మనిషి పడుకుని ఉన్నాడు, మొహం అటు తిరిగి ఉంది. వాడు మా నాయన కూల్చిన జర్మన్. అట్లని చెప్పేవాణ్ణి. ఫోటో కింది అంచున, ఇసుక మీద, తీసినవాడి నీడ పడింది.

నాయన జర్మన్లను జెర్రీలు అనేవాడు. తెల్ల దొరలు అట్లనే పిలిచేవాళ్ళట. మాకు తెలిసిన జెర్రి మాత్రం వానాకాలం గోడ పగుళ్ళలోంచి బయటికొచ్చే వంద కాళ్ళ జెర్రే. చిన్నప్పుడు అక్క, నేను, నాయన జెర్రీలతో యుద్ధం చేసొచ్చాడంటే చీపురుకట్టతో చేసుంటాడనుకున్నాం. ఆ డబ్బాలు జెర్రీ డబ్బాలు. వాటి గురించి నాయన ఒక్క మాట చెప్పేవాడు, యుద్ధం గురించి అడిగినా అదే చెప్పేవాడు: మీద తెల్ల సిలువ గుర్తు వేసి ఉంటే నీళ్ళు, లేకుంటే పెట్రోలు.

పోయిన ఎండాకాలం హోటల్లో ఒకాయన నా కథను ఫోన్లో వీడియో తీసి పంపాడు. అది ఎవరెవరి ఫోన్లు తిరిగిందో నాకు తెలియదు. కొద్ది రోజులకు ఒక ముసలామె మా ఇంటి ముందు షేర్ ఆటో దిగింది. గోదావరి అవతల, బూర్గంపాడు దాటి అడవిలోకి పోతే వచ్చే కోయగూడెం ఆమెది. మా అక్క కంటే పెద్దదే, కర్ర లేకుండానే నడిచింది. అరుగు మీద కూర్చుని నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ట్యాంకు కథ చెప్పేది నువ్వేనా తమ్మీ?"

"నేనే. నువ్వు ఎవలమ్మా?"

"నీ నాయన లారీ మీద క్లీనర్ ఉండె గద. ఆయన బిడ్డను."

నా చెయ్యి జేబులోని ఫోటో మీదికి పోయింది.

యుద్ధానికి ముందు నాయన కలప లారీ నడిపేవాడు. మా ఇంటివాళ్ళు అప్పటికే క్రైస్తవ మిషన్లో కలిసినవాళ్ళు. ఆ లారీకి క్లీనర్ ఒక కోయ కుర్రాడు. రాజమండ్రిలో డ్రైవర్లను సైన్యంలోకి తీసుకుంటున్నారని తెలిసి నాయన పోయాడు, పోతూ పోతూ వాణ్ణి కూడా వెంట తీసుకుపోయాడు. నాయన తిరిగొచ్చాడు. క్లీనర్ రాలేదు. పోయేనాటికి అతని భార్య కడుపుతో ఉందట. ఆ కడుపులోని పిల్లే మా అరుగు మీద కూర్చున్న ముసలామె.

ఆమె వచ్చిన పని నేరుగా చెప్పింది. "మా కోయోళ్ళల్ల ఎవలన్న పోతె రాయి నిలబెడతం. మా అమ్మకున్నది. పక్కన మా నాయన జాగ ఖాళీగున్నది. ఊరోళ్ళు ఆయన చావలే అన్నరు. మిషనోళ్ళల్ల కలిసి, అక్కడనే తెల్లదాన్ని చేసుకున్నడన్నరు. మా అమ్మ ఆ మాట మోసుకుంటనే పోయింది. ఇప్పుడు నేను పొయ్యే లోపల రాయి పెట్టాలె. ఎట్ల పోయిండో చెప్పే మనిషి కావాలని మా పెద్దలు అంటున్నరు. మిషన్ల కలిసినోడైతె మా రాళ్ళ వరసల పెట్టనియ్యరు."

"అంత కడక్‌గ ఉన్నరా మీ పెద్దలు?"

"ఉన్నరు. ఏదీ, ఫోటో ఇయ్యి."

అలవాటుగా బొటనవేలు పెట్టే ఇచ్చాను. ఆమె నా వేలు పట్టి పక్కకు తీసేసింది. ఫోటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టి, మళ్ళీ దగ్గరగా తెచ్చింది.

"ఈ పండుకున్నాయన జర్మనోడన్నవు గద వీడియోల."

"అవ్."

"జర్మనోనికి బూట్లుండయా?"

అరవై ఏళ్ళుగా ఆ ఫోటో చూస్తున్నాను. నీడలోంచి బయటికొచ్చిన ఆ రెండు పాదాలు ఉత్తవే. క్లీనర్‌కు బూట్లు ఎప్పుడూ అలవాటు కాలేదని, వాటిని మెడకు తగిలించుకు తిరిగేవాడని నాయన చెప్పాడు. అంటే ఆ మనిషి ఎవరో నాకు మొదట్నుంచీ తెలుసు. తెలిసే చెప్పాను. కథలో చచ్చినవాడు ఒకడు కావాలి, మనవాడైతే చాయ్ చేదవుతుంది.

ఇక దాచి లాభం లేదు, ఒక్కొక్కటే విప్పాను. అది ట్యాంకు కాదు, సామాన్లు లాగే బండి. ఆరుగురూ లేరు, నలుగురూ లేరు. నాయన చేతిలో తుపాకీ లేదు. అసలు నాయన ఎవరినీ పట్టుకోలేదు, తానే పట్టుబడ్డాడు. నాయనవాళ్ళు నడిపే రొట్టెల లారీలు వరసగా పోతుంటే దుమ్ము లేచిందట. దుమ్ము తగ్గి చూస్తే చుట్టూ ఉన్న బండ్లు మనవి కావు. రెండు మూడు గుండ్లు పేలాయి, క్లీనర్ తొడలో ఇనుపముక్క దిగింది. దొరికినవాళ్ళందరినీ ఇసుకలో కూర్చోబెట్టారు. మడ్‌గార్డ్ పట్టుకుని నాయన ఫోజు కొట్టలేదు. నిలబడలేక పట్టుకున్నాడు.

"మరి ఈ ఫోటో ఎవలు తీసిండ్రు?" అంది ఆమె.

"జర్మనోడు. ఆ బండి నడిపెటోడు."

తర్వాత ఖైదీలను ఉంచిన ఊరు మళ్ళీ మనవాళ్ళ చేతికొచ్చింది, వాళ్ళు బయటపడ్డారు. జర్మన్లు వదిలిపోయిన డేరాల్లో మనవాళ్ళు తిండి వెతుకుతుంటే నాయనకు ఒక ఫోటోల పొట్లం దొరికింది. ఎవడో సిపాయి దాచుకున్నవి. ట్యాంకు, పక్కన తొట్టి ఉన్న మోటారు సైకిల్, బారెడు గొట్టం ఉన్న ఫిరంగి, పొగగొట్టం ఉన్న వంట బండి, వాటి ముందు చొక్కాల్లేకుండా నవ్వుతున్న పిల్లగాళ్ళు. ఆ పొట్లం అడుగున నాయనకు తన మొహం తానే కనబడింది. పక్కన పడుకున్న మనిషీ కనబడ్డాడు. అదొక్కటే జేబులో పెట్టుకుని మిగతావి అక్కడే పారేశాడు. ఫోటో వెనక పెన్సిల్‌తో రెండు మాటలు రాసి ఉన్నాయి. మా అక్క దవాఖానాలో ఆయాగా చేసేది. అక్కడికి జర్మనీ నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మతో చదివించింది. "మా బండి" అని ఉందట. అంతే. బండిని ఆనుకున్నవాడి గురించి లేదు, దాని నీడలో పడి ఉన్నవాడి గురించి లేదు.

ముసలామె ఫోటోను ఒళ్ళో పెట్టుకుంది. ఆ పాదాల మీద వేలు ఉంచింది.

"ఇంక చెప్పు. ఎట్ల పోయిండు?"

ఇక్కడే నాకు చేతకాలేదు. చావుకంటే ముందు నీళ్ళ సంగతి చెప్పాలి.

క్లీనర్‌కు జ్వరం వచ్చింది, దప్పిక పట్టింది. ఆ బండి నడిపే జర్మనోడే జాలిపడి ఒక డబ్బా తెచ్చి పెట్టాడు. దాని మీద తెల్ల రంగుతో సిలువ ఉంది. క్లీనర్ తల తిప్పుకున్నాడు. మిషన్ నీళ్ళు తాగితే మతంలో కలిసినట్టేనని అప్పట్లో గూడేల్లో అనుకునేవాళ్ళు. పైగా ఓడలో ఉన్నన్నాళ్ళూ నాయన అతణ్ణి మాలో కలువు, మాలో కలువు అని సతాయించాడట, సగం ఆటకు, సగం నిజంగానే. ఇప్పుడు ఎడారి నడుమ సిలువ వేసిన డబ్బా తెచ్చి తాగమంటే ఎవడు నమ్ముతాడు? ఇది నీళ్ళ గుర్తురా, జర్మనోళ్ళు పెట్టుకున్న గుర్తురా అని నాయన మొత్తుకున్నాడు. నువ్వు చెప్తవులే అన్నాడట క్లీనర్.

"తాగిండా?" అని అడిగింది ఆమె.

నేను వెంటనే అన్నాను. "తాగలే. పాణం పొయ్యేదాక ముట్టలే. నీ దేవునికి నాకు పడదని చెప్పిండట."

గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న మా అక్క తల ఎత్తలేదు. "తాగిండు," అంది.

"అక్కా, నువ్వు ఊకో."

"ఏంది ఊకునేది? నాయన మంచంల ఉన్నప్పుడు నాతోని చెప్పలేదా? నువ్వు గక్కడనే ఉంటివి." అక్క ఆమె వైపు తిరిగింది. "ఒక రోజంత తాగలేదక్కా. తెల్లారి తలె తిప్పలేకపొయ్యిండు. మా నాయన తలగుడ్డ చింపి తడిపి నోట్ల పిండిండు. మొదలు ఉమ్మిండు. మల్ల పిండిండు. అప్పుడు మింగిండు. తర్వాత డబ్బ మూతికి నోరు పెట్టి తాగిండు, ఇంక కావాలన్నడు. పొద్దు గూకేసరికి పోయిండు."

నేను మిగతాది చెప్పాను, అది మాత్రం ఉన్నదున్నట్టే. తోటి ఖైదీలు తినే గిన్నెలతో ఇసుక తవ్వారు. పైన ఏం గుర్తు పెట్టాలో నాయనకు తెలియలేదు. సిలువ పెడితే వాడు ఊరుకోడు. రాయి పెడదామంటే కనుచూపు మేర ఇసుకే.

ముసలామె లేచింది. "నువ్వు వచ్చి మా పెద్దలకు చెప్పాలె తమ్మీ."

"ఏం చెప్పమంటవక్కా?"

"నీకు తెలిసింది చెప్పు."

ఆ మాటను నేను నాకు కావలసినట్టు అర్థం చేసుకున్నాను. నాకు తెలిసింది అంటే నాకు చెప్పను తెలిసింది అని. అక్క రానంది. "నువ్వు ఎట్లనో గట్లనే చెప్తవు, నేను వచ్చి కాళ్ళు నొప్పి పెట్టుకునుడెందుకు," అంది.

గూడెం చివర, పోడు చేను దాటాక, రాళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. కొన్ని మనిషెత్తు, కొన్ని మోకాలెత్తు. వాళ్ళమ్మ రాయి పక్కన జాగా చదును చేసి ఉంది. వరసకు దూరంగా, తుమ్మ పొదల దగ్గర ఇంకో జాగా కూడా చదును చేసి ఉంది. ట్రాక్టర్ ట్రక్కులో రాయి పడుకుని ఉంది. ఏ వైపు దించాలో డ్రైవర్‌కు ఇంకా చెప్పలేదు, ఇంజన్ ఆపి బీడీ కాలుస్తున్నాడు.

పెద్దలు ఇప్పచెట్టు కింద కూర్చున్నారు. అడిగే పెద్ద నాకంటే పాతికేళ్ళు చిన్న, బైకు మీద వచ్చాడు. ఫోటోను అందరికీ తిప్పాక నా వైపు చూశాడు.

"మా మనిషి మతంల కలిసిండా, లేదా? గదొక్కటి చెప్పు తాతా."

చూడండి, అంతమంది నా నోటి వైపు చూడటం బాయి క్యాంటీన్ తర్వాత అదే. గొంతు దానంతటదే లేచింది. ఎడారి చెప్పాను. ఎండ చెప్పాను. రక్తం చెప్పాను. జర్మన్ డ్రైవర్‌ను ఆఫీసర్ను చేశాను, వాడు తుపాకీ గురిపెట్టి తాగమన్నాడన్నాను. క్లీనర్ కాలితో డబ్బాను తన్నాడని, నీళ్ళు ఇసుకలో ఇంకిపోయాయని, నా వేల్పు చూస్తున్నదని అరిచి ప్రాణం వదిలాడని చెప్పాను. ఒకాయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. పెద్ద తల ఊపి ట్రాక్టర్ వైపు చెయ్యెత్తాడు, వరస దగ్గరికి తీసుకురమ్మని. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు.

నాకు మనసు తేలికైంది. నా అబద్ధాల్లో ఒకటైనా ఒకరికి పనికొచ్చిందనుకున్నాను.

ముసలామె వాళ్ళమ్మ రాయికి చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ట్రాక్టర్‌కు అడ్డంగా నడిచొచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. ఇంజన్ ఆగింది. నా వైపు కాదు, పెద్దల వైపు చూసి అంది:

"గది కాదు. డబ్బ తన్నలే, ఎవలూ తుపాకి పెట్టలే. మా నాయన తాగిండు. సిలువ ఉన్న డబ్బల నీళ్ళే తాగిండు, ఇంక కావాలని అడిగి తాగిండు. దప్పికైతె మనిషి తాగడా? రాయి యాడ దించుతరో దించుండ్రి. తాగలేదని మాత్రం చెప్పకుండ్రి."