పిన్ని కత్తిరించిన ఆఖరి ప్యాకింగు

మా బాబాయిని అందరూ చుక్కల బాబాయి అంటారు. మందు చుక్క అనుకునేరు, ఆయన జన్మలో అది ముట్టలేదు. పాత కార్ల కింద కారే చుక్కలే ఆయన బతుకుతెరువు. ఇంజను విప్పి కట్టడాలు, సొట్టలు తీయడాలు, రంగులు వేయడాలు మిగతావాళ్లు చేసుకుంటారు. అంతా అయ్యాక కూడా బండి కింద నల్లగా నూనో, పచ్చగా ఇంజనుని చల్లబరిచే కూలెంటో చుక్క చుక్కగా రాలుతూనే ఉంటే, అప్పుడు అది మా ఇంటి పక్క షెడ్డుకి వస్తుంది. పెద్ద రోగాలకు పెద్ద మెకానిక్కులున్నారు, నాది జలుబుల ఆస్పత్రి అనేవాడు.

ముందు ఇంజనుని శుభ్రంగా కడుగుతాడు. ఆరాక, మొహానికి రాసుకునే పౌడరు దాని మీద పల్చగా చల్లి, స్టార్టు చేసి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంటాడు. కాసేపటికి తెల్లటి పౌడరు మీద ఎక్కడో ఒక తడి గీత బయల్దేరుతుంది. చుక్క రాలేది ఒకచోట, పుట్టేది ఇంకోచోట. ఆ గీత పట్టుకుని పైకి వెళితే పుట్టినచోటు దొరికిపోతుంది. ఆ పౌడరు మా పిన్నిది. తన మొహానికి కరువైంది గానీ ఇంజన్లకు మాత్రం పెళ్లికూతుళ్ల ముస్తాబు జరుగుతోందని పిన్ని సణిగేది. సణుగుతూనే ఇంకో పెద్ద డబ్బా తెచ్చి షెడ్డు కిటికీలో పెట్టేది.

మా అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచింది వీళ్లిద్దరే. వాళ్లకు పిల్లల్లేరు. పిన్ని దర్జీ. ముందు గదిలో కుట్టు మిషను, దాని పక్కన కిటికీ, కిటికీకి అవతల షెడ్డు. నేనూ ఆ మిషను మీదే పని నేర్చుకున్నాను. నోరు కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నానని బాబాయి అందరితో చెప్పేవాడు. అబద్ధమేం కాదు.

ఇంజనులో రెండు ఇనుప ముక్కలు కలిసే ప్రతిచోటా మధ్యలో పల్చటి అట్టలాంటి కాగితం ఒకటి ఉంటుంది. దాన్నే ప్యాకింగు అంటారు. అది సరిగ్గా కూర్చుంటేనే లోపలి నూనె, నీళ్లు లోపల ఉంటాయి. మా షెడ్డుకి వచ్చే ముసలి కార్లకు కొట్లలో ప్యాకింగులు దొరకవు. అందుకని బాబాయి ఆ ఇనుప ముక్క అంచుకి కాస్త గ్రీజు పూసి, కాగితం మీద అద్ది, అచ్చు పడ్డాక కిటికీలోంచి పిన్నికి అందించేవాడు. పిన్ని చేతిలో ఉన్న చొక్కా పక్కన పెట్టి, తన కత్తెరతోనే కత్తిరించేది. బోల్టుల కోసం బెల్టులకు చిల్లులు వేసే పంచితో చిల్లులు వేసేది. ఏ వైపు పైకి రావాలో తెలియడానికి ఒక మూల పెన్సిలుతో చిన్న బాణం గుర్తు పెట్టేది. మొట్టమొదటిసారి మాత్రం అలవాటు కొద్దీ చుట్టూ కుట్టుకి మార్జిను వదిలిందట. ఆ సంగతి చెప్పి బాబాయి ఎన్నేళ్లు ఏడిపించాడో లెక్కలేదు.

సాయంత్రం ఆయన షెడ్డులోంచి వస్తే పిన్ని మిషను మీంచి తల ఎత్తకుండానే, "కారిందా?" అని అడిగేది.

"చుక్క లేదు."

"అయితే చేతులు కడుక్కో."

వాళ్ల కాపురంలో ఇంతకు మించిన ముద్దుమాటలు నేను వినలేదు. నాకు తెలిసి ఈ మాటల్లో ఆయన ఎన్నడూ అబద్ధం ఆడలేదు. కారుతుంటే కారుతోందనే చెప్పి, కూర్చుని ఇంకో కాగితం మీద అచ్చు తీసేవాడు.

తర్వాత పిన్నికి జబ్బు చేసింది. మంచం ముందు గదిలోకే, కిటికీ పక్కకే మార్చాం. మందులకి చేతులు వణికేవి. నేను కుడుతుంటే చూస్తూ నా కుట్లు వంకర అని మంచం మీంచే తిట్టేది. ఆ రోజుల్లోనే పళ్ల డాక్టరు గారి పాత కారు వచ్చింది. ఆయన రిటైరైన పెద్దమనిషి, వాళ్ల నాన్నగారి నాటి ఆ బండంటే ప్రాణం. ఇంజనులో నీళ్లు తిప్పే పంపు దగ్గర కూలెంటు కారుతోంది. బాబాయి అచ్చు తీసిన కాగితం నాకు అందిస్తుంటే, పిన్ని మంచం మీంచి చెయ్యి చాపింది. కాగితం, కత్తెర ఆవిడ చేతికే ఇచ్చాను.

చాలాసేపు పట్టింది. చిల్లులన్నీ బాగానే పడ్డాయి గానీ ఆఖరి చిల్లు దగ్గర చెయ్యి జరిగింది. చిల్లుకీ అంచుకీ మధ్య దారప్పోగంత కాగితం మిగిలింది. అది నేను చూశాను, బాబాయీ చూశాడు. ఆయన రెండు వైపులా అతుకు పేస్టు రాసి దాన్నే బిగించాడు. స్టార్టు చేశాక పౌడరు మీద, సరిగ్గా ఆ మూలనే, సన్నటి తడి వచ్చింది. కిటికీలోంచి నేను చూస్తుండగానే బొటనవేలితో తుడిచేశాడు.

లోపలికి రాగానే పిన్ని అడిగింది. "చుక్క లేదు," అన్నాడు బాబాయి.

పిన్ని ఆ మాటకి ఎంత సంతోషపడిందంటే, నన్ను చూసి, ఇంకా పనికొస్తానే నేను, అంది. ఆ వారం దాటకుండానే పోయింది.

బాబాయి కొన్నాళ్లు షెడ్డు తలుపు తీయలేదు. తీసేసరికి గుమ్మంలో డాక్టరు గారి కారు నిలబడి ఉంది, కింద పచ్చటి మడుగుతో. ఆ క్షణం బాబాయి మొహం చూసి, వేరే ఎవరి కారైనా వచ్చి ఉంటే బాగుండేది కదా అని నేను ఏడ్చాను. పంపు విప్పితే ఆ ప్యాకింగు మళ్లీ పనికిరాదు. ఇనుముకి అతుక్కుపోయిన కాగితం ముక్కలుగా తప్ప ఊడదు, బ్లేడుతో గీకి పారేయాల్సిందే.

ఆయన పంపు విప్పలేదు. రబ్బరు పైపు మార్చాడు. పైపు క్లిప్పులు మార్చాడు. రేడియేటరు మూత మార్చాడు. కారు వెళ్లేది, మళ్లీ వచ్చేది. పౌడరు డబ్బా కిటికీలోనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. పౌడరు చల్లితే గీత ఎక్కడినుంచి వస్తుందో కనిపిస్తుంది కదా. చుక్కల బాబాయికి హస్తవాసి పోయిందని వీధిలో అనుకోవడం మొదలైంది. అన్నవాళ్లలో ఒకాయన ప్యాంటు నా దగ్గరే కుట్టడానికి ఉంది. దాన్ని అలాగే వెనక్కి ఇచ్చేశాను.

చివరికి ఒక రోజు ఎత్తు రోడ్డు మీద నీళ్లన్నీ పోయి ఇంజను మరిగిపోయింది. డాక్టరు గారు ఇంకొకళ్ల చేత బండి లాగించుకుని వచ్చారు. ఇంకాస్త దూరం నడిపి ఉంటే ఇంజను బిగుసుకుపోయేదే. ఆయన కేకలేయలేదు. స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా అన్నారు.

"ఏమయ్యా, నొప్పి ఉన్న పన్ను వదిలేసి పక్క పళ్లన్నీ నేను పీకుతూ కూర్చుంటే నువ్వు ఊరుకునేవాడివా? నీ వల్ల కాకపోతే చెప్పు, అమ్మేస్తాను. రిపేరుకి ఇంకొకళ్ల చేతిలో మాత్రం పెట్టను."

ఆయన వెళ్లాక బాబాయి కారు ముందు అలాగే నిలబడ్డాడు. నేను మిషను ఆపి షెడ్డులోకి వెళ్లాను. పంపు విప్పమన్నాను. పంపులో ఏం లేదన్నాడు. అందులో ఏముందో నాకూ తెలుసన్నాను. పిన్ని ఉంటే ఈపాటికి మనిద్దరినీ తిట్టిపోసేదని కూడా అన్నాను.

"చుక్క లేదని చెప్పానమ్మా దానికి," అన్నాడు. "ఆ మాట పట్టుకుని పోయింది. ఇప్పుడు విప్పితే నేను దానికేం చెప్పినట్టు?"

గోడకున్న స్పానరు తీసి ఆయన చేతిలో పెట్టాను.

మామూలుగా పాత ప్యాకింగు గీకేటప్పుడు ఆయన తిట్టని తిట్టు ఉండదు. ఆ రోజు నోరు మెదపలేదు. వేడినీళ్లలో ముంచిన గుడ్డ దాని మీద వేసి, మెత్తబడేదాకా ఆగి, బ్లేడు పట్టుకున్నాడు. కాగితం పొరలు పొరలుగా లేచింది. చెయ్యి జరిగిన చిల్లు దగ్గరి ముక్క తేలిగ్గానే ఊడింది. పెన్సిలు బాణం ఉన్న మూల మాత్రం గట్టిగా పట్టుకుంది. అక్కడ బ్లేడు ఆపి, కళ్లు తుడుచుకుని, మళ్లీ గీకాడు. ఆ ముక్కలు ఏరి దాచుకుంటాడేమో అనుకున్నాను. అన్నీ చెత్త డబ్బాలో వేశాడు. ఇనుము తళతళలాడేదాకా తుడిచి, గ్రీజు పూసి, అచ్చు తీశాడు.

అచ్చు పడిన కాగితం కిటికీలోంచి అందించాడు. పిన్ని కత్తెరతో నేను కత్తిరించాను. మార్జిను వదల్లేదు. చిల్లులు తిన్నగా పడ్డాయి, మూలన బాణం పెట్టాను. అంత బాగా కుదిరినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. బాబాయి దాన్ని వెలుతురులో పెట్టి చూసి, పంపు దగ్గరికి తీసుకెళ్లాడు.

బిగించాక పౌడరు డబ్బా తీసి చల్లాడు. అడుగున కొంచెమే మిగిలి ఉంది. ఇంజను వేడెక్కాక ఆ వాసన ముందు గదిలోకి వచ్చింది. తల దువ్వుకున్నాక పిన్ని దగ్గర వచ్చే వాసన అది. నేను చొక్కా కాలరు కుడుతున్నాను. సూది ఎక్కడ పడుతోందో కనిపించక మిషను ఆపేశాను. చాలాసేపటి వరకు ఇంజను తిరుగుతూనే ఉంది, పౌడరు తెల్లగానే ఉంది. కింద పరిచిన కాగితం మీద ఏమీ పడలేదు.

సాయంత్రం ఇంజను ఆగింది. బాబాయి గుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ మెట్టెక్కి గుమ్మంలో నిలబడ్డాడు. నేను తల ఎత్తలేదు. ఆయనా నన్ను చూడలేదు, మిషను వైపు చూశాడు.

"చుక్క లేదు," అన్నాడు.

ఎవరూ అడగలేదు. అయినా చెప్పి, అక్కడే నిలబడ్డాడు. తర్వాత రావలసిన మాట ఏమిటో నాకు తెలుసు. వీధిలో ఎవరితోనైనా సై అంటే సై అనే నోరు నాది, ఆ మూడు ముక్కలకి పెగల్లేదు. ఆయన చేతులు కడుక్కోకుండా, చీకటి పడేదాకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.