మా సంఘం ఇచ్చిన జాబితా

మా చర్చిలో ముందు బల్లల మీద బాలానగర్ ఫ్యాక్టరీల్లో పనిచేసే మా కోస్తా కుటుంబాలు కూర్చునేవి. వెనక చాపల మీద రాళ్లు కొట్టే కుటుంబాలు కూర్చునేవి. లింగంపల్లి స్టేషన్‌కు అవతల, ఇప్పుడు అద్దాల ఆఫీసులు నిలబడ్డ గుట్టల్లో, వాళ్లు పొద్దస్తమానం బండలు పగలగొట్టేవారు. చాపల మీదే కూర్చోవాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. బల్ల మీదికి రమ్మని కూడా ఎవరూ పిలవలేదు.

నాన్న ఫిట్టరు. ఆయన నలుగురు పిల్లల్లో నేను పెద్దదాన్ని. ఇంటర్ అయ్యాక టైపు నేర్చుకుంటూ ఇంట్లో ఉన్నాను. నా చేతిరాత బాగుంటుందని మా పాస్టరుగారు చర్చి రిజిస్టర్లు నాకు అప్పగించారు. ఆయన్ను అందరం అయ్యగారు అనేవాళ్లం. బాప్తిస్మం పొందిన పిల్లల పేర్లు రిజిస్టరులో రాయడం, సర్టిఫికెట్లు నింపడం నా పని. పంతొమ్మిదేళ్ల పిల్లకు అది చిన్న గౌరవం కాదు.

ఎమర్జెన్సీ వచ్చిన తొలి నెలల్లోనే అయ్యగారి ప్రసంగాలు మారాయి. అధికారులకు లోబడి ఉండాలని చెప్పే వాక్యాన్ని వారం విడిచి వారం చదివేవారు. సమ్మెలు ఆగాయి, రైళ్లు వేళకు వస్తున్నాయి, ఇదంతా మన ప్రార్థనల ఫలితమే అనేవారు. వేదిక పక్క గోడకు ప్రభుత్వం ప్రకటించిన ఇరవై సూత్రాల పోస్టరు అంటించారు. నాన్న ఫ్యాక్టరీలో యూనియన్ నాయకుణ్ణి జైల్లో పెట్టినప్పుడు, మా సంఘంలోనే ఉన్న ఆయన భార్య వచ్చి, ప్రార్థనలో ఆయన పేరు ఒక్కసారి తలవమని అడిగింది. "రాజకీయాలు ఆలయంలోకి తేవద్దమ్మా," అన్నారు అయ్యగారు, ఆ పోస్టరు పక్కనే నిలబడి.

మరుసటి ఏడాది ఒక శనివారం ఆయన నన్ను పిలిచి, బాప్తిస్మాల రిజిస్టరు చూసి ముగ్గురూ అంతకు మించీ పిల్లలున్న తండ్రుల పేర్లు ఒక కాగితం మీద రాయమన్నారు.

"ఎందుకండీ?"

"పంచాయతీ సమితి ఆఫీసువాళ్లు అడిగారమ్మా. పిల్లలు ఎక్కువున్న కుటుంబాలకు ఏదో మేలు చేస్తారట."

మొదట రాసిన పేరు నాన్నదే. అయ్యగారు వంగి చూసి, "బల్లలవాళ్లను రాయక్కర్లేదు. వాళ్ల సంగతి వాళ్ల కంపెనీలు చూసుకుంటాయి," అన్నారు. నేను ఆ కాగితం పక్కన పడేసి కొత్తది తీసుకున్నాను. మేలు చేసేటట్టయితే మాకెందుకు వద్దంటున్నారని అడగలేదు. పదకొండు పేర్లు వచ్చాయి. అందరూ చాపల మీదవాళ్లే.

ఆ పదకొండు మందిలో ఒకతను పాటలకు కంజీర వాయించేవాడు. నన్ను చెల్లె అని పిలిచేవాడు. రిజిస్టరు ప్రకారం అతనికి ముగ్గురు పిల్లలు. నిజానికి బతికున్నది ఐదేళ్ల ఆడపిల్ల ఒక్కతే. పెద్ద కొడుకు తట్టుతో, చిన్నవాడు వాంతులు విరేచనాలతో పోయారు. పోయినవాళ్ల రిజిస్టరు వేరే ఉంటుంది. అది అదే బీరువాలో ఉంది, నేను తెరవలేదు. చిన్నవాణ్ణి పాతిపెట్టిన రోజు సమాధి దగ్గర నేనూ పాట పాడాను. అయినా రాసేటప్పుడు గుర్తు రాలేదు. అక్షరాలు తిన్నగా వస్తున్నాయా లేదా అన్నదే చూసుకున్నాను.

మంగళవారం పొద్దున గుట్ట దగ్గరికి ఒక జీపు, దాని వెనక లారీ వచ్చాయి. ఆ తర్వాత జరిగింది అతని భార్య నాకు చెప్పింది. కానిస్టేబులు కాగితం చూసి పేర్లు పిలిచి అందరినీ లారీ ఎక్కించాడు. స్కూల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. ఆమె వెనకాలే పరుగెత్తి వెళ్లింది. వరండాలో ఆమె భర్త సమితి ఆఫీసరును బతిమాలుతున్నాడు.

"సార్, ఇద్దరు సచ్చిపోయిన్రు. ఒక్క పిల్లనే ఉన్నది."

"ముగ్గురని మీ చర్చోళ్లే రాసిచ్చిన్రు. మీ అయ్యగారు అబద్ధం చెప్తడా?"

అయ్యగారు అక్కడే ఉన్నారు. వరసలో కూర్చున్న మగవాళ్ల తలల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తున్నారు. అతను పోయి ఆయన కాళ్లు పట్టుకున్నాడు.

"అయ్యగారూ, నా పిల్లలిద్దర్ని మన్నుల వెట్టింది మీరే గద. జర చెప్పుండ్రి."

అయ్యగారు అతన్ని లేపి, "ధైర్యంగా ఉండు తమ్ముడూ, ఇది దేశసేవ," అని పక్కవాడి దగ్గరికి వెళ్లిపోయారట.

ఈ సంగతి వినగానే నేను ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

"అతనికి ఒక్కతే కూతురని మీకు తెలుసు కదండీ. ఎందుకు చెప్పలేదు?"

"ఒక్కడి కోసం నేను అడ్డం పడితే సంఘానికంతా ముప్పు. మన చర్చి స్థలం పట్టా కాగితాలు ఆ ఆఫీసరు బల్ల మీద ఉన్నాయి." పేపరు మడిచి నా వైపు చూశారు. "అయినా అమ్మా, ఆ పేరు రాసింది నువ్వేగా?"

ఇంటికొచ్చి నాన్నతో చెప్పాను. ఆయన తలుపు మూసి, "ఈ మాట ఇంకెక్కడా అనకు. నా ఉద్యోగం పోతుంది," అన్నారు. కిటికీ రెక్కలు కూడా లాగి గడియ పెట్టారు.

ఆగస్టు పదిహేను ఆదివారం వచ్చింది. ఆరాధనలోకే జాతీయ జెండా తెచ్చారు. అయ్యగారు ఆ ఆఫీసరుకు వేదిక మీదే దండ వేశారు. ఆఫీసరు పట్టా కాగితం ఆయన చేతికిచ్చాడు. బల్లల మీదవాళ్లు చప్పట్లు కొట్టారు. చాపల మీద నలుగురు ముసలమ్మలు తప్ప ఎవరూ లేరు. నేను పాటల బృందంలో నిలబడి నోరు మాత్రం కదిపాను. ఆ రోజే బయటికి నడవాల్సింది. నడవలేదు.

మర్నాడు గుట్టకు వెళ్లాను. కంజీర వాయించే అన్న గుడిసె ముందు కూర్చుని ఉన్నాడు. ఆపరేషన్ గాయం చీము పట్టి ఇంకా పనికి పోలేకపోతున్నాడు.

"అన్నా, ఆ కాగితం రాసింది నేనే."

"ఎర్కే చెల్లె. ఆడ కాగితం సూడంగనే గుర్తువట్టిన. నా బిడ్డ బడి కోసం నువ్వు రాసిచ్చిన సర్టిఫికెట్ మీద గదే రాత."

లోపలి నుంచి అతని భార్య వచ్చింది.

"సదువుకున్నదానివి. గీ పిల్లలు ఉన్నరా పోయిన్రా అని నన్నొక్క మాట అడుగుతే ఏం పోయేది?"

రిజిస్టర్లు ఆ వారమే అయ్యగారి గుమ్మంలో పెట్టి వచ్చేశాను.

తర్వాతి ఏడాది ఎన్నికలై ఢిల్లీలో ప్రభుత్వం మారింది. ఆ ఆదివారానికి పోస్టరు లేదు. గోడ మీద దాని మేర తెల్లగా మిగిలింది. చీకటి రోజుల నుంచి దేశాన్ని విడిపించినందుకు అయ్యగారు దేవునికి కృతజ్ఞతలు చెప్పారు. గొంతు అదే, చేతులెత్తడం అదే. నేను లేచి నిలబడ్డాను.

"అయ్యగారండీ, ఆ పదకొండు మంది సంగతి కూడా దేవుడితో చెప్పండి."

ఒక పెద్దాయన, "కూర్చో అమ్మాయ్, ఇది ఆరాధన," అన్నాడు. నాన్న తల వంచుకున్నారు. నన్ను రెక్క పట్టుకుని బయటికి నడిపించింది మా ఎదురింటావిడే. సంఘంలోంచి నా పేరు తీసేశామని పది రోజులకు కాగితం పంపారు.

అయ్యగారు తర్వాత నగరంలో పెద్ద చర్చికి వెళ్లారు. ఆయనకు సన్మానాలు కూడా జరిగాయి. ఆ రోజుల్లో అందరూ భయపడ్డారు, ఆయన మాత్రం ఏం చేస్తాడని మావాళ్లు నాతో వాదిస్తారు. భయపడిన మనిషిని నేను మా ఇంట్లోనే చూశాను. ఆఫీసరుకు దండ వేసేటప్పుడు అయ్యగారు భయపడలేదు. పెళ్లివారికి ఎదురెళ్తున్నవాడిలా వెలిగిపోతున్నారు.

ఎన్నికలైన ఆ ఎండాకాలంలోనే కంజీర అన్న కుటుంబం వేరే క్వారీకి వెళ్లిపోయింది. పోయే రోజు తెలిసి వెళ్లాను. అతను గిన్నెలు, సుత్తెలు, కూతురిని లారీ ఎక్కించి, నాకు తల ఊపాడు. అతని భార్య నా వైపు చూడలేదు. లారీ కదిలే వరకూ బిడ్డకు జడ వేస్తూనే ఉంది.