నేను తీసేయమన్న రాక్షసుడి పుస్తకం

కోవిడ్ మూసివేత తర్వాత అంగన్‌వాడీలు మళ్లీ తెరిచిన ఏడాది నన్ను కురుగోడు వైపు నుంచి ఇనుప గనులున్న సండూరు తాలూకాకు బదిలీ చేశారు. నా హోదా కన్నడంలో మేల్విచారకి, అంటే సూపర్‌వైజర్. కేంద్రానికి వెళ్లి హాజరు, పిల్లల బరువులు, సరుకుల నిల్వ చూడాలి. విజిట్ పుస్తకంలో నా అభిప్రాయం రాసి సంతకం పెట్టాలి. ఆ రాత ఆదేశంతో సమానం. మళ్లీ వెళ్లేసరికి అమలు కాకపోతే టీచరుకు మెమో ఇవ్వాలి.

చోరనూరు అవతల ఒక చిన్న పల్లెలో రుద్రమ్మ టీచరు. నేను మొదటిసారి వెళ్లినరోజు ఆమె చేతిలో ఒక పాత కన్నడ బొమ్మల పుస్తకం ఉంది. తన చిన్నతనంలోనూ ఆ పుస్తకం ఉండేదని తర్వాత చెప్పింది. కొండలో రాక్షసుడు గర్జిస్తాడు. ఊరంతా తలుపులు మూసుకుంటుంది. ఒక కోడిపెట్ట మాత్రం చూసివద్దామని బయల్దేరుతుంది. అంతే కథ.

మధ్యాహ్నం ఊరి పక్క కొండలోని గనుల్లో రాయి పగలగొట్టే మందు పేలింది. గోడలు అదిరాయి. నాలుగేళ్ల నాగవేణి "రాక్షసుడు వచ్చినాడు" అని కేకపెట్టి బల్లకిందికి దూరింది. పిల్ల ఇలా భయపడి కేంద్రానికి రానని మొండికేస్తే, తల్లి ఎల్లమ్మ కలుపు పనికి పోలేక ఇంట్లోనే ఉండిపోతోందని ఆయా చెప్పింది.

మూఢనమ్మకాల మీద వేదికలెక్కి పోట్లాడినదాన్ని. పిల్లల బుర్రల్లో దయ్యాలను నాటడం నేరమని ఇప్పటికీ అంటాను. ఎదురుగా రాక్షసుడి పుస్తకం కనిపించింది, నేరస్థుడు దొరికాడనుకున్నాను. 'భయం కలిగించే పుస్తకం, వెంటనే తొలగించాలి' అని రాశాను.

"ఈ పుస్తకం జెప్పలేదు మేడమ్, కొండలో రాక్షసుడుండాడని వాళ్లవ్వ జెప్పింది" అంది రుద్రమ్మ. "ఒగసారి కూసోని సూడండి. ఇది ఎత్తేస్తే ఆ పాప బయం యాడికీ పోదు."

నేను కూర్చోలేదు. ఇంకో రెండు కేంద్రాలు చూడాల్సి ఉంది, బస్సు వచ్చే వేళయింది.

రెండు వారాలకు మళ్లీ వెళ్లాను. పుస్తకం ఆమె చేతిలోనే ఉంది. నేను బ్యాగులోంచి కాగితం తీశాను.

"మెమో రాసుకోండి మేడమ్. ముందు కూసోండి" అంది, నా వైపు తిరగకుండానే.

కూర్చున్నాను. పుస్తకాన్ని చెంప పక్కన పట్టుకుంది. పిల్లలకు బొమ్మా, ఆమె ముఖమూ రెండూ కనబడుతున్నాయి. అక్షరాలు చదవలేదు. కొందరికి ఇంట్లో తెలుగు, కొందరికి కన్నడ. ఆమె రెండింట్లోనూ బొమ్మనే చెప్పింది. అందరూ వేలు పెట్టి తాకాకే పేజీ తిప్పింది. రాక్షసుడి పేజీ రాగానే ఆగింది.

"కొండలో ఎవురుండారు?"

"రాక్షసుడు!"

"సూసినోళ్లు ఎవురు?"

మంజు అనే పిల్లవాడు లేచాడు. "మా అవ్వ."

"మీ అవ్వ సూసిందాప్పా?"

"లేదు. వాళ్లవ్వ జెప్పిందంట."

"ఆయమ్మ సూసిందా?"

"ఆయమ్మ సచ్చిపోయింది."

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. విన్నమాట సాక్ష్యం కాదని ఇలా విప్పి చూపడానికి నా ఉపన్యాసాల్లో అరగంట పట్టేది.

అప్పుడే మందు పేలింది. రేకులు గలగలలాడాయి. పిల్ల భయపడుతుందేమోనని వాకిట్లోనే నిలబడిన ఎల్లమ్మ, పిల్లను ఎత్తుకోవడానికి ఒక అడుగు లోపలికి వేసింది. రుద్రమ్మ చేయెత్తి ఆపింది. నాగవేణి వణుకుతోంది. కానీ బల్లకిందికి పోలేదు. పుస్తకం దగ్గరికి నడిచి రాక్షసుడి బొడ్డుమీద వేలు పెట్టింది.

"ఈడు ఈడనే ఉండాడు గదా. మల్ల కొండలో ఎవురు?"

"మా నాయన!" అని అరిచాడు మంజు. "మా నాయనోళ్లు మందు పెట్టి పేలుస్తాండారు."

నాగవేణి వాడిని ఎగాదిగా చూసింది. "మీ నాయన్ని మెల్లగ పేల్చమని జెప్పు."

ఎల్లమ్మ కాసేపు నిలబడి చూసి, కొంగు నడుముకు దోపుకొని చేనికి వెళ్లిపోయింది. పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు.

విజిట్ పుస్తకంలో రాసింది కొట్టివేయడానికి వీల్లేదు, కింద మరొకటి రాయవచ్చు. 'నా మునుపటి ఆదేశం పొరపాటు. ఈ పుస్తకం ఈ కేంద్రంలోనే ఉండాలి. టీచరు చెప్పే పద్ధతిని మిగతా టీచర్లకు చూపించాలి' అని రాసి సంతకం పెట్టాను. తర్వాతి నెల సమావేశంలో మాట్లాడే పని రుద్రమ్మకు అప్పగించి, నేను వెనక వరుసలో కూర్చుని రాసుకున్నాను.

పుస్తకంలో ఏముందో చూసి తీర్పు చెప్పడం సులువు. దాన్ని పిల్లలతో ఎవరు, ఎలా పంచుకుంటున్నారో కూర్చుని చూడకుండా ఆ తీర్పు చెల్లదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పిల్లల మధ్య విప్పగా చూడకుండా ఏ బొమ్మల పుస్తకం మీదా నేను అభిప్రాయం రాయలేదు.