హెడ్డు మీద మూడు చుక్కలు

మాది ప్రొద్దుటూరు. మా నాన్నకు నగల అంగడి. కంసాలి బంగారం కరిగిస్తుంటే ఎదురుగా కూర్చుని రెప్ప వేయకుండా చూడటం నాకు అక్షరాల కంటే ముందే వచ్చింది. కంసాలికి పనికిచ్చే ప్రతి నగ మీదా, ఎక్కడ మార్చేస్తాడోనని, నాన్న రహస్యంగా ఒక గుర్తు పెట్టేవాడు. గాజుకైతే లోపలి అంచున సూదిమొనంత గీత. "బయట పెడితే వానికీ కనపడతాది గదరా" అనేవాడు.

అంగడి తమ్ముడికి వదిలేసి పులివెందుల దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట, కొనుక్కున్నాను. ఆ చూపు మాత్రం నాతోనే వచ్చింది. బంకులో మీటరు సున్నా దగ్గర ఉందో లేదో రెండుసార్లు చూస్తాను. కూరలో ఉప్పు తగ్గితే డాక్టరూ మా ఆవిడా కుమ్మక్కయ్యారనుకుంటాను. అనుమానం మనిషినని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన మానేస్తామా?

తోటలో నాకున్నది ఒక పాత చిన్న ట్రాక్టరు. కొమ్మల కింద దూరి దున్నగలిగేది అదొక్కటే. పెద్ద ట్రాక్టరు దిగితే సగం కొమ్మలు విరుగుతాయి. ఆ మోడలు తయారీ ఆపేసి చాలా ఏళ్లయింది. ప్రొద్దుటూరు స్పేరు పార్టుల అంగళ్లలో పేరు చెబితే కౌంటర్లో ఉన్నవాళ్లు లోపలి పెద్దాయన్ని పిలుస్తారు. ఆయన వచ్చి తల అడ్డంగా ఊపి వెళ్లిపోతాడు. ఒకచోట మాత్రం ఉందన్నారు. కొత్త డబ్బాలో పాత సామాను పెట్టి ఇచ్చారు. అప్పటినుంచి డబ్బాలను కూడా నమ్మడం మానేశాను.

ఆ ఇంజను నాడి తెలిసినవాడు జమ్మలమడుగులో ఒక్కడే మిగిలాడు. ముసలి సాయిబు. నేను మామా అని పిలిచేవాణ్ణి. వాషరు దొరక్కపోతే రేకు కత్తిరించి చేసేవాడు. బోల్టు మర అరిగితే ఇంకో బండి బోల్టును ఆకురాయితో రాకి సరిపెట్టేవాడు. శానా మంచోడని అందరూ అనేవారు. అందరూ ఒకే మాట అనడం నాకు నచ్చలేదు.

ఆ ఏడు చలికాలంలో చెట్లను బెట్టకు వదిలాను. అంటే నెలన్నర పాటు నీళ్లు ఆపి, ఆకు వడలిన తర్వాత దున్ని, ఎరువేసి, ఒక్కసారిగా నీళ్లు పెట్టాలి. అప్పుడే పూత విరగబడి వస్తుంది. దున్నకం వారం ఆలస్యమైతే ఏడాది పంట పోయినట్టే. సరిగ్గా ఆకు వడలిన రోజుల్లోనే ట్రాక్టరు తెల్లపొగ చిమ్మి ఆగిపోయింది. ఇంజను ఆయిల్లో నీళ్లు కలిసి టీ రంగుకు తిరిగింది. బండిని మినీ లారీలో ఎక్కించి జమ్మలమడుగు తీసుకెళ్లాను.

మామ ఇంజను మీద మూతలా కూర్చునే హెడ్డును విప్పి, అడుగున స్కేలు ఆనించి చూశాడు. "వేడికి వంగిందప్పా. ప్రొద్దుటూరు పంపిచ్చి మిషను మీద అడుగు చదును చేపిస్తా. శనివారం రా" అన్నాడు.

చదును చేయిస్తానన్న మాట చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు. నా బుర్రంతా ఒకటే ఆలోచన. ఇలాంటి హెడ్డు ఇప్పుడు ఎక్కడా దొరకదు. నాది తీసుకుని, పగిలి అతుకేసినది ఇంకోటి తగిలిస్తే నాకేం తెలుస్తుంది? మామ మధ్యాహ్నం నమాజుకు వెళ్లగానే ఆయన మొనదేలిన ఉలే, ఆయన సుత్తే తీసుకుని, ఎవరికీ కనబడకుండా హెడ్డు అడుగున ఒక మూల మూడు చుక్కలు కొట్టాను. నాన్న చూస్తే మెచ్చుకునేవాడు.

శనివారం వెళ్లేసరికి హెడ్డు అడుగు అద్దంలా మెరుస్తోంది. చుక్కలు లేవు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇది నాది కాదు మామా."

"నీది గాకుంటే ఎవరిదప్పా?"

"నాది యాడుందో నీకే తెలుసు."

ఆయన షెడ్డు మూలకు చెయ్యి చూపించి, "ఎదుక్కో పో" అన్నాడు. సిగ్గు లేకుండా వెతికాను. ఇనుప కుప్ప వెనక, గోనెసంచిలో చుట్టి, గ్రీజు పూసిన హెడ్డు కనబడింది. అచ్చం నా మోడలే. దొరికాడు దొంగ అనుకుని తిరగేశాను. దాని మీదా చుక్కలు లేవు.

"మూడు సుక్కలేనా నువ్వు ఎదికేది?" వెనకనుంచి మామ గొంతు. "నువ్వు కొట్టిన పొద్దే చూసినా. అడుగు చదును చేస్తే అవి ఉంటాయా? మిషను తినేస్తాది. ఆ సంచిలోది నీ కోసరం దాచినా. నీది పగిలిన పొద్దు ఏద్దామని."

హెడ్డును మళ్లీ సంచిలో చుట్టి ఉన్నచోటే పెట్టాను. భూమి చీలితే దూరిపోదామనిపించింది.

"చెట్లు బెట్టకుండాయి గదా. వాటిదేం తప్పుల్యా" అని నా హెడ్డు తనే బిగించాడు. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. చెయ్యి తుడుచుకుంటూ, "ఇంగ ఈ బండి ఈడికి తేవద్దు" అన్నాడు.

ఆ ఏడు పూత బాగా వచ్చింది. కాయలు కోసి పంపించాలనుకున్నాను, పోయి క్షమించమని అడగాలనుకున్నాను. వెళ్తే తిడతాడేమోనని భయం. తిట్టకపోతే మనసులో ఇంకేదో పెట్టుకున్నాడేమోనని అనుమానం. రెండేళ్లు అలాగే గడిపేశాను. ఈ మధ్యే హెడ్డు పగిలింది. ఈసారి అతుక్కోనంతగా. ఎవరి చేతనో మామకు కబురు చేశాను. జవాబు రాలేదు. మళ్లీ నీళ్లు ఆపి చెట్లను బెట్టకు వదిలి ఉన్నాను.

మొన్న జమ్మలమడుగు బస్సు కండక్టరు ఫోను చేసి పులివెందుల బస్టాండుకు రమ్మన్నాడు. సీటు కింద నుంచి బరువైన గోనెసంచి లాగి ఇచ్చాడు.

"షెడ్డు ఎత్తేసినాడు సాయిబు. కండ్లు రెండూ పోయినాయంట. ఇది నీకిమ్మన్యాడు."

అక్కడే కింద కూర్చుని సంచి విప్పాను. నేను ముందు చేసిన పని చెప్పక తప్పదు. హెడ్డును తిరగేసి, ఎక్కడైనా పగులుందేమోనని వేలితో అంగుళం అంగుళం తడిమాను. లేదు. మళ్లీ ఇటు తిప్పితే, ఏ మిషనూ తాకని పక్కగోడ మీద, అందరికీ కనబడేటట్టు మూడు చుక్కలు ఉన్నాయి. కళ్లు కనపడక కొట్టినవేమో, వంకరగా పడ్డాయి.

బస్టాండులో అంతమంది ముందు నాకు ఏడుపొచ్చింది. హెడ్డు నా ఒళ్లోనే ఉంది. దాన్ని బిగించే చెయ్యి మాత్రం ఇప్పుడు ఏ ఊళ్లోనూ లేదు.