మూత తీయనివ్వని డబ్బా

నూజివీడులో మే నెల ఎండకు మామిడి కాయలు పండుతాయి గానీ, నా సిరామిక్ పొరలు మాత్రం బీటలు వారేవి. నేను చేసేదల్లా బొటనవేలంత లావుండే అల్యూమినా అనే సిరామిక్ గొట్టాన్ని ద్రావణంలో ముంచి, ఆరబెట్టి, కొలిమిలో కాల్చడం. పైన సన్నని పొర ఏర్పడాలి. కొలిమి వేడిలో ఆ పొర హైడ్రోజన్‌ను మాత్రం పోనిచ్చి, నైట్రోజన్‌ను ఆపాలి. నావి ఉదారంగా రెండింటినీ పోనిచ్చేవి.

నా పీహెచ్‌డీ గైడు సార్‌కి ఓపిక అయిపోయింది. ఈసారీ పగిలితే టాపిక్ మార్చేద్దామన్నారు. అంటే ఇన్నాళ్ళ చాకిరీ గంగలో కలిసినట్టే. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఆదివారం ఆగిరిపల్లిలో మా ఇంటికి వెళ్ళాను. నాన్న తోటలు కౌలుకు తీసుకుంటారు. ఒక గదిలో ఎండుగడ్డి పరిచి కాయలు మాగబెడతారు. ఆ గడ్డి కదిపితే ఎంతటి చుట్టానికైనా చీవాట్లే. ఆ రోజు కదిపింది నేను.

"మాటిమాటికీ తీసి చూస్తే లోపలి చెమ్మంతా పోద్దే, తొక్క ముడతలు పడుద్ది" అని కసిరారు.

అక్కడే నిలబడిపోయాను. ల్యాబులో నా గొట్టం ఆరే డబ్బా మూత, అటుగా వెళ్ళిన ప్రతివాళ్ళూ తీసి చూసేవాళ్ళు. అందరికన్నా ముందు సార్.

కొత్త గొట్టం ముంచి, డబ్బాలో తడిగుడ్డ పెట్టి, మూతకు ఒక్క సూది బెజ్జం ఉంచి, చుట్టూ టేపు వేశాను. ఆ గుడ్డ దానంతటదే ఆరేదాకా తీయకూడదనుకున్నాను. మర్నాడే సార్ వచ్చి టేపు మీద చెయ్యి వేశారు.

"తీయకండి సార్."

"ఒక్కసారి చూస్తానమ్మా."

"చూస్తే పగులుద్దండి. టాపిక్ మార్చేది మీరు, ఏడ్చేది నేను."

అందరూ పని ఆపి మా వైపు చూశారు. సార్ మొహం కందగడ్డయింది. టేపు మీంచి చెయ్యి తీసి వెళ్ళిపోయారు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. అయినా మూత మాత్రం తీయనివ్వలేదు.

గొట్టం ఆరాక నెమ్మదిగా కాల్చి, సార్ ఎదుటే పరీక్షకు బిగించి వేడెక్కించాం. హైడ్రోజన్ వదలగానే పొరకు అవతలున్న మీటరు ముల్లు లేచింది. నైట్రోజన్ వదిలాం. మీటరు కదిలితే ఒట్టు. సార్ దాన్ని వేలితో తట్టి, మళ్ళీ వదలమన్నారు. ఊహూఁ. నా కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. గెలిచానండీ, ఇంకేం చెప్పను!

సార్ ఇంకో గొట్టం తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇదీ ముంచమ్మా. టాపిక్ సంగతి మర్చిపో" అన్నారు. డబ్బా చుట్టూ మూగిన వాళ్ళ వైపు తిరిగి, "దాన్ని ముట్టుకోకండయ్యా, ఆ అమ్మాయి ఊరుకోదు" అని తనే రెండడుగులు వెనక్కి జరిగారు.