తూకాలమ్మ నడక పుస్తకం

మ్యూజియంలో నాణేల గది చూసుకునే ఆవిడను అందరూ తూకాలమ్మ అనేవారు. ఇరవై ఆరేళ్లుగా ఆ గదిలోకి వచ్చిన ప్రతి నాణేన్నీ త్రాసు మీద పెట్టి, గ్రాములో నూరో వంతు దాకా చూసి రిజిస్టరులో ఎక్కించింది ఆవిడే. అంకె కాస్త ఊగినా మళ్లీ మొదటి నుంచి తూచేది. అలాంటి మనిషి, గుండెపోటు వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాక, తన నడక పుస్తకంలో అబద్ధాలు రాయడం మొదలుపెట్టింది.

రెండు నెలల్లో గ్రీకు క్రీడాకారుల నాణేల ప్రదర్శన ఉంది. ఎన్నో ఏళ్లు చీకటి సొరుగుల్లో మగ్గిన వెండి నాణేలవి. ఒకరి చేతులు ఒకరు ఒడిసిపట్టిన మల్లయోధులు ఒకదాని మీద, చక్రం విసరబోతున్న ఆటగాడు ఇంకోదాని మీద. వాటిని అద్దాల పెట్టెల్లో తన చేత్తోనే అమర్చాలని ఆవిడ పట్టుదల. డాక్టరేమో, "రోజూ ఆరు నిమిషాలు నడవండి. ఎంత దూరం నడిచారో, నాడి ఎంత కొట్టుకుందో రాయండి. అంకెలు బాగుంటే పనిలోకి పంపిస్తా," అన్నాడు.

మొదటి వారం నిజమే రాసింది. రెండో వారం దూరం పెరగలేదు. ఆ తరవాత తగ్గింది. ఇంటికి రెండు వందల తొంభై మీటర్ల దూరంలోని మందుల షాపు చేరేసరికి ఎడమ దవడ లాగేది. పుస్తకంలో మాత్రం మూడు వందల అరవై అని పడేది. మర్నాడు మూడు వందల డెబ్బై. రాసేటప్పుడు చెయ్యి వణకలేదు. అందుకే ఆవిడకు భయమేసింది.

తోడుండటానికి వచ్చిన చెల్లెలు ఒకరోజు వెంట నడిచింది. సాయంత్రం పుస్తకం తెరిచింది.

"అక్కా, ఇవాళ నాలుగు వందలు నడిచావా?"

"నడిచాను."

"పక్కనే ఉన్నాను కదే. షాపు గోడ పట్టుకుని నిలబడిపోయావు."

"డాక్టరుకు చెప్పావంటే నీతో మాట్లాడను."

"మానెయ్. మాట్లాడకుండా ఉండటానికైనా నువ్వు ఉండాలిగా."

రెండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరేం వినపడలేదు.

మూడో రోజు ఆరు నిమిషాల నడక పరీక్ష. ఆసుపత్రి వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు ముప్ఫై మీటర్లు. డాక్టరు పుస్తకం తిరగేసి, "ఇలాగే నడిస్తే సోమవారం నుంచి ఉద్యోగమే," అన్నాడు. నర్సు గడియారం నొక్కింది. చెల్లెలు బెంచీ మీద చేతిసంచి నలుపుతూ కూర్చుంది.

ఏడోసారి వరండా దాటుతుండగా దవడ లాగింది. ఎనిమిదోసారికి మెడంతా చెమట. ఇంకా రెండు నిమిషాలున్నాయి. పళ్ల బిగువున లాగేద్దామనుకుంది. తొమ్మిదోసారి చెల్లెలి ముందు నుంచి వెళ్తూ ఆమె మొహం చూసింది. గోడకు ఆనుకుంది.

"ఆపండి. ఆ పుస్తకంలో అంకెలు నేను కల్పించినవే. అంత దూరం నడవలేదు."

డాక్టరు తిట్టలేదు. కుర్చీ తెప్పించాడు. "ఎన్నాళ్ల నుంచి?"

"పద్దెనిమిది రోజులు."

ఆ మధ్యాహ్నమే గుండె పరీక్షలకు లోపలికి తీసుకెళ్లారు. ఇంకో రక్తనాళం పూడుకుపోవస్తోందట. మరో వారం ఆగి ఉంటే చెప్పలేమన్నాడు డాక్టరు, చెల్లెలిని పక్కకు పిలిచి.

ప్రదర్శన ఆవిడ లేకుండానే మొదలైంది. మ్యూజియం ఆఫీసరు ఫోన్ చేసి ఏ నాణెం ఎటు తిప్పి పెట్టాలో అడిగితే మంచం మీద నుంచే చెప్పింది. ఫోన్ పెట్టేశాక గోడవైపు తిరిగి పడుకుంది.

నెలన్నర తరవాత చెల్లెలి చెయ్యి పట్టుకుని చూడటానికి వెళ్లింది. మెట్ల మధ్యలో ఒకసారి, గుమ్మం దగ్గర ఒకసారి కూర్చుంది. అద్దంలోకి వంగి చాలాసేపు చూసింది.

"చక్రం విసిరేవాణ్ణి కాస్త ఎడమకి జరపాలి. వెలుతురు మొహం మీద పడట్లేదు."

"చెబుదువుగాని. ముందు ఈ కుర్చీలో కూర్చో."

ఈసారి మారు మాట్లాడకుండా కూర్చుంది.