రాతి దగ్గర ఆగే పాట

పోయిన వారం మా సంఘం యువకుడొకడు శుభ శుక్రవారపు ఆరాధన క్రమాన్ని నా ఫోనుకు పంపాడు. తెరిచి చూస్తే అందులో అక్షరాలు లేవు. తెల్లటి పేజీ నిండా చిన్న చిన్న గళ్లు, వాటి నడుమ అక్కడక్కడా ఒక గీత, ఒక చుక్క, దారి తప్పి వచ్చినట్టు ఒక ఇంగ్లీషు అక్షరం. ఫోన్ చేస్తే "ఫాంటు పరేషాన్ చేస్తున్నది పెద్దనాయనా, మళ్ల పంపిస్త" అని నవ్వాడు. చెప్పినట్టే కాసేపట్లో మళ్లీ పంపాడు, ఈసారి శుభ్రంగా చదవడానికి వచ్చింది. కాని ఆ గళ్ల పేజీ మాత్రం పొద్దుగూకేదాకా నన్ను వదల్లేదు. అటువంటి పేజీని నేను ఇంతకు ముందొకసారి చూశాను. తొంభైల నడుమ, మిర్యాలగూడలో, ఒక ప్రెస్సు గుమ్మం దగ్గర, మా చిన్నాయన పక్కన నిలబడి చూశాను. ఆ పేజీ మళ్లీ పంపమని అడగడానికి అప్పుడు మనిషి లేదు. ఆమె అప్పటికే మా ఊరి బొందల గడ్డలో మట్టి కింద ఉంది.

ఆమె మా మేనత్త, మా బాపుకు అక్క. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోతే పుట్టింటికి వచ్చి, మిగిలిన బతుకంతా మా ఇంటికీ మందిరానికీ చెరిసగం పంచింది. సూర్యాపేట నుంచి పెన్‌పహాడ్ వైపు పోయే దారిలో మాది చిన్న ఊరు. పెంకుల మందిరం, ఎండకు నెర్రెలిచ్చే వాకిలి, మోగించినప్పుడల్లా ఒక పావురాల గుంపు లేచిపోయే గంట. అత్త గొంతు తీయనిదేమీ కాదు. నాట్లేసే మళ్లలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినిపించడానికి పెరిగిన గరుకు గొంతు. ఆ గొంతుతోనే ఆమె మా సంఘానికి శ్రమల పాట కట్టింది. తోటలో ప్రార్థన మొదలుకొని సిలువ దాకా, అక్కడి నుంచి సమాధి దాకా ఒకే పాట. శుభ శుక్రవారం మిట్టమధ్యాహ్నం మొదలుపెడితే ముగిసేసరికి పొద్దు వాలేది. ఆ పాటలో తీర్పు చెప్పాల్సిన అధిపతి ఇత్తడి చెంబులో నీళ్లు తెప్పించుకుని చేతులు కడుక్కుంటాడు. శిష్యుడు పిడకల మంట దగ్గర చలి కాచుకుంటూ నాకు తెలియదని బొంకుతాడు. కోడి దడి మీదెక్కి కూస్తుంది. పాలస్తీనా ఎక్కడుందో చాలాకాలం నాకు తెలియదు గాని, అత్త పాట విన్నవాళ్లకు అది త్రిపురారం కాలువకు అవతల ఎక్కడో ఉన్నట్టే అనిపించేది.

ఆ పాట సమాధి రాతి దగ్గర ఆగేది. రాయి దొర్లించి, ముద్ర వేసి, కావలి పెట్టి వెళ్లిపోతారు. అంతే. పునరుత్థానం గురించి, ఆయన మూడో రోజు లేవడం గురించి అత్త ఏమీ కట్టలేదు. అడిగితే ఇంకా రాలేదనేది, వాన గురించి చెప్పినంత మామూలుగా. ఆ భాగం ఆమెకు చివరి చలికాలంలో వచ్చింది. దగ్గు పట్టుకుని, మనిషి సగమై, గోడకు ఆనుకుని కూర్చుని, విడి కాగితాల మీద పెన్సిలుతో రాసుకుంది. రాసింది ఎవరికీ వినిపించలేదు. ఎందుకంటే మా సంఘంలో ఒక కట్టడి ఉంది. ఈస్టర్ తెల్లవారుజామున బొందల గడ్డకు నడిచిపోయి, అక్కడ నిలబడేదాకా పునరుత్థానపు పాట ఎవరి నోటా రాకూడదు. సాధన కూడా చేయరాదు. మిగతా ఊళ్ల సంఘాలు మమ్మల్ని చూసి నవ్వేవి. మేము ఈస్టర్ నాడు శ్రుతి తప్పి పాడటానికి కారణం అదేనని మా పాస్టరయ్య కూడా ఒప్పుకునేవాడు. అత్త మాత్రం ఆ కట్టడి విషయంలో కఠినం. "ఆయన లేవకముందే మనం లేపొద్దు" అనేది.

ఇక మా చిన్నాయన సంగతి. బాపుకు తమ్ముడు, సంఘంలో పెద్ద, కోదాడలో హైవే పక్కన కిరాయి గదిలో డీటీపీ సెంటర్ పెట్టాడు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఎన్నికలొస్తే వాల్‌పోస్టర్లు. కంప్యూటర్‌కు మా ఇంట్లో కొత్త కోడలికి జరిగినంత మర్యాద జరిగింది. చెప్పులు బయట విడవాలి, తుమ్మితే మొహం తిప్పుకోవాలి, కప్పిన గుడ్డ తీసేముందు ప్రార్థన. ఫ్లాపీలను స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, పక్కింటి రేడియో అయస్కాంతం వాటికి తగులుతుందని ఒక గోడ నుంచి ఇంకో గోడకు మారుస్తూ ఉండేవాడు. కంప్యూటర్ చాలా తరచుగా అలిగేది. రాసిందంతా దాచేలోపు కరెంటు పోయేది. చిన్నాయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, యోబు ఓపికతో మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. ఆ ఏడు ఈస్టర్‌కు అత్త పాట మొత్తం పుస్తకంగా అచ్చు వేయించాలని ఆయన పూనుకున్నాడు. మా ఇంట్లో చెదలు జాస్తి. అంతకు ముందే ఒక పెట్టెడు ఆదివారపు బడి పుస్తకాలు మట్టి చేసిపెట్టాయి. అందుకే అత్త కూడా సరేనంది. కొత్త భాగాన్ని చిన్నాయన ఒక్కడే చూడాలని, అది కూడా చదవకుండా టైపు కొట్టాలని షరతు పెట్టింది. చదవకుండా ఎలా కొడతారని మేము నవ్వుకున్నాం గాని ఆయన దాన్ని అక్షరాలా పాటించాడు.

ఆ కాగితాలు పట్టుకుని అత్త బస్సులో కోదాడ వెళ్లిన రోజు నేను వెంట ఉన్నాను. పనంతా అయ్యాక ఆమె స్టూలు మీద నుంచి లేచి తెరకు దగ్గరగా వచ్చింది.

"తమ్మీ, ఇది బంద్ జేస్తే నా పాట యాడికి పోతది?"

"లోపల్నే ఉంటది అక్కా. ఫ్లాపీలల్ల కూడ ఏసిన. చెద పట్టదు, తుప్పు పట్టదు, దొంగ ఎత్కపోడు."

"ఆ మాట పరలోకం గురించి చెప్పింది. నీ డబ్బ గురించి కాదు."

చిన్నాయన నవ్వాడు. అత్త కంప్యూటర్ వెనక్కి వెళ్లి వంగి చూసింది. అక్కడ అగ్గిపెట్టె అంత నల్లటి బిళ్ల ఒకటి తగిలించి ఉంది. అదేమిటని అడిగింది.

"లాకు అక్కా. తెలుగు ప్రోగ్రాం చేసిన కంపెనోళ్లు ఇస్తరు. అది పెడితెనే ప్రోగ్రాం నడుస్తది, మనం రాసింది తెరుసుకుంటది."

"పాట నాది. డబ్బ నీది. తాళం ఆళ్లదా?"

"అందరికి గంతేనే అక్కా."

అత్త ఆ బిళ్లను వేలితో ముట్టి, ఆ వేలిని కొంగుకు తుడుచుకుంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊరు వచ్చేదాకా కళ్లు మూసుకునే ఉంది. నిద్రపోయిందనుకున్నాను. పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు సగం కూడా గడవకముందే ఆమె వెళ్లిపోయింది. మా సంఘంలో ఇంకో ఆనవాయితీ ఉంది. ప్రార్థనలైనా పాటలైనా దేవుని కోసం ఒక మనిషి చేత్తో రాసుకున్న కాగితాలు ఆ మనిషి తరువాత బయట తిరగకూడదు. ఎప్పటికైనా కిరాణా కొట్టు చేరి బెల్లం పొట్లాలవుతాయని భయం. శవపెట్టెలో, చేతుల కింద పెట్టి పంపిస్తాం. అత్త కాగితాలు పెట్టేటప్పుడు మా అమ్మ ఒక్కక్షణం చెయ్యి ఆపింది. పుస్తకం అచ్చయ్యేదాకన్నా ఉంచుదామా అంది. చిన్నాయన ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతో, కాని ఏ సందేహమూ లేని గొంతుతో అన్నాడు.

"కంప్యూటర్ల ఉన్నయి కద వదినా. రెండు ఫ్లాపీలల్ల ఉన్నయి. ఆమెయి ఆమెకు పోనియ్యి."

మూత వేశారు. ఆ మేకుల చప్పుడు ఇప్పుడు కూడా నాకు ఒక్కొక్కటిగా వినిపిస్తుంది.

ఆ తర్వాతి వారమే కోదాడలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, వచ్చి, ఒక్కసారిగా ఎగిసిపడింది. హైవే మీది దుకాణాల్లో ఫ్యాన్లు కాలాయి, ఎవరిదో ఫ్రిజ్ పేలింది. చిన్నాయన కంప్యూటర్ మాత్రం బతికింది. ఆయన మోకరించి స్తోత్రం చెప్పుకుని మళ్లీ వేసి చూస్తే ప్రోగ్రాం తెరుచుకోలేదు. వెనక నల్ల బిళ్ల నుంచి కాలిన వాసన. మెకానిక్ వచ్చి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఇది పోయిందండీ. కంప్యూటర్‌కేం కాలేదు, మీ అదృష్టం" అన్నాడు. ఆ అదృష్టం ఏపాటిదో మాకు మిర్యాలగూడ ప్రెస్సులో తెలిసింది. మా పుస్తకం అచ్చు వేయాల్సింది వాళ్లే. వాళ్ల దగ్గర ఉన్నది ఇంకో కంపెనీ తెలుగు. ఫ్లాపీ పెట్టగానే తెర నిండా గళ్లు, గీతలు, బాణాలు. ప్రెస్సాయన కిందికి జరిపాడు, ఇంకా కిందికి జరిపాడు. ఎక్కడా ఒక్క తెలుగు అక్షరం లేదు. రెండో ఫ్లాపీ కూడా అంతే. చదవగలిగినవాని చేతికి గ్రంథం ఇస్తే, ముద్ర వేసి ఉంది, చదవలేనన్నాడని ప్రవక్త చెప్పిన మాట మా పాస్టరయ్య చాలాసార్లు బోధించాడు. ఏదో పాతకాలపు సంగతి అనుకునేవాణ్ణి. ప్రెస్సు బయట రైసు మిల్లుల ఊక గాలిలో తేలుతూ మా భుజాల మీద వాలుతుంటే చిన్నాయన చాలాసేపు దులుపుకోకుండా నిలబడ్డాడు.

ఆయన ఎస్టీడీ బూతు నుంచి కంపెనీకి ఫోన్లు చేశాడు. ఆ పాత ప్రోగ్రాంను మానేశామన్నారు, కొత్తది తీసుకోమన్నారు. తీసుకున్నాడు. కొత్త లాకు పెట్టి పాత పాట తెరవబోతే ఈ ఫైలు చెల్లదని ఒక లైను కనిపించింది. చదవకుండా కొట్టినవాడు కనుక ఆయనకు ఒక్క చరణమైనా గుర్తు లేదు. వేళ్లను కీబోర్డు మీద ఊరికే ఆడిస్తూ, అవి ఏమైనా గుర్తు చేస్తాయేమోనని చూసేవాడు. ఒక్క మాట గుర్తుందనేవాడు, "తెల్లారకముందు." దాని ముందేముందో, వెనకేముందో గుర్తు లేదు.

ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టలాదివారానికి ముందు రోజు సాయంత్రం మందిరం వాకిట్లో పెద్దలంతా కూర్చున్నప్పుడు ఆయన లేచి నిలబడ్డాడు. గడ్డం పెరిగి, నిద్ర లేక కళ్లు గుంటలు పడి, చూస్తేనే భయమేసేటట్టున్నాడు. మా బాపు వైపే చూస్తూ మాట్లాడాడు.

"అన్నా, తవ్వుదం. పెట్టె ఇంక గట్టిగనే ఉంటది. కాగితాలు పైననే, చేతుల కిందనే ఉన్నయి."

 ఆడవాళ్లలో ఎవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బైబిల్లో దీనికి అడ్డమూ లేదు, ఆజ్ఞా లేదు, ఇంటివాళ్లే చెప్పాలన్నాడు పాస్టరయ్య. బాపు తమ్ముడి వైపు తిరిగాడు.

"అక్క ఏమనేది తమ్మీ? లేవకముందే లేపొద్దనేది. ఆ మాట దాటి నేను గడ్డపార పట్టను."

"మరి పాట?"

"ఆమె తీస్కపోయింది. తేవాల్నంటే ఆమెనే తేవాలె."

చిన్నాయన కూర్చున్నాడు. ఆ తర్వాత ఆ విషయం ఆయన మళ్లీ ఎత్తలేదు. కాని ఆ వారంలో కాలం కాని కాలంలో వాన పడింది. ఒక పగలంతా ఆగకుండా పడింది. నల్లరేగడి ఎలా నీళ్లు తాగుతుందో మాకందరికీ తెలుసు. ఎవరూ బొందల గడ్డ వైపు చూడలేదు, ఎవరూ పెన్సిలు రాత మాట ఎత్తలేదు.

ఈస్టర్ తెల్లవారుజామున ఎప్పటిలాగే నడిచిపోయాం. అత్త మీది మట్టి కొంచెం కిందికి దిగి ఉంది. మాకు పాత పాటలు లేక కాదు, పాటల పుస్తకంలో బోలెడున్నాయి. పాస్టరయ్య ఒకటి ఎత్తుకున్నాడు. ఎవరి గొంతూ కలవలేదు. ఆయన కూడా మధ్యలో ఆపేశాడు. తూర్పు ఎర్రబడింది, ఊళ్లో కోళ్లు కూశాయి, ఎవరి పొలంలోనో మోటరు మొదలైంది. జీవితంలో మొదటిసారి ఆ ఉదయం నాకు భయం వేసింది. రాయి కదిలిందో లేదో మాకు చెప్పేవాళ్లెవరూ లేనట్టు అనిపించింది.

చిన్నాయన తరువాత కోదాడ వదిలి అనంతగిరి దగ్గర పొలం చేసుకున్నాడు. ఆ కాలిన బిళ్లను మాత్రం ఇంటి తాళాల గుత్తికి కట్టుకుని తిరిగేవాడు. ఆయన పోయినప్పుడు ఆనవాయితీ ప్రకారం ఆ రెండు ఫ్లాపీలను కూడా పెట్టెలో పెట్టబోయారు. నేను ఎవరినీ అడగకుండా తీసి జేబులో వేసుకున్నాను. మిర్యాలగూడలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మా చెల్లెలి కూతురు ఎక్కడి నుంచో పాత పరికరం తెచ్చి వాటిని చదివించింది. అదే పేజీ. అవే గళ్లు.

"గుర్తులన్ని ఉన్నయి మామా. ఏ గుర్తు ఏ అక్షరమో చెప్పేది ఆ లాకులనే ఉండె. అది కాలింది. కంపెనోళ్లు లోపలి సంగతి ఎవరికి చెప్పలే, ఇప్పుడు ఆళ్లు గూడ లేరు" అంది. కాసేపాగి, అందరికీ తెలిసిన మొదటి భాగాన్ని నాతో పాడించుకుని, ఏ కంప్యూటర్‌లోనైనా ఎవరి తాళమూ అక్కరలేకుండా తెరుచుకునే పద్ధతిలో రాసి, సంఘంలో అందరికీ పంచింది. మొన్న గళ్లుగా వచ్చి మళ్లీ అక్షరాలుగా వచ్చిన ఆరాధన క్రమంలో ఉన్నది అదే.

ఆ రెండో భాగం పోయిందని నేను నమ్మను. ఆ బస్సులో ఆమె పెదవులు కదిలాయి, పైన వినేవాడు విన్నాడు. అయినా ఈ శుక్రవారం కూడా మేము మధ్యాహ్నం మొదలుపెడతాం, చెంబు దగ్గరికి, పిడకల మంట దగ్గరికి, కోడికూత దగ్గరికి వస్తాం, పొద్దు వాలేసరికి రాతికి ముద్ర వేసి ఆగిపోతాం. లోకానికి ఆ మూడో రోజు ఎప్పుడో వచ్చింది. మా పాటకు మాత్రం ఇన్నేళ్లయినా శనివారమే నడుస్తోంది.